ఏఎంసీ (కంప్యూటర్ల వార్షిక నిర్వహణ ఒప్పందం)లో రాసుకున్న మూడు నెలల రివ్యూలు జరపకపోవడంపై ఫిర్యాదు

విజయవాడ,
19 జనవరి 2026.

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: 2022 ఏప్రిల్‌ నాటి మన ఏఎంసీ ఒప్పందం ప్రకారం జరగాల్సిన టెక్నాలజీ రివ్యూలు జరగకపోవడం, దానివల్ల మాకు కలిగిన నష్టం, రెన్యువల్‌కు మా షరతులు.

అయ్యా,

మీ ఆఫీసు నుంచి ఏఎంసీ రెన్యువల్ కోటేషన్ వచ్చింది. గతేడాది కంటే 12 శాతం పెంచారు. దాని మీద సంతకం పెట్టే ముందు ఈ ఉత్తరం రాయక తప్పడం లేదు. ఇందులో ఉన్న విషయాలు చాలావరకు మీ సర్వీస్ కోఆర్డినేటర్‌కు ఫోన్లోనూ వాట్సాప్‌లోనూ చెప్పినవే. ఆయన "సార్‌కి చెప్తానండీ" అంటారు, అంతటితో సరి. అందుకే నేరుగా మీకే రాస్తున్నాను.

ముందే ఒక మాట. మీ ఇంజినీర్ల మీద నాకు ఫిర్యాదు లేదు. బిల్లింగ్ కౌంటర్‌లో ప్రింటర్ మొరాయించినా, ఏలూరు బ్రాంచిలో నెట్ పోయినా, ఫోన్ చేస్తే ఎవరో ఒకరు వస్తారు, చూసి బాగుచేసి వెళ్తారు. పాపం ఆ పిల్లలు ఆదివారాలు కూడా వచ్చిన సందర్భాలున్నాయి. నా ఫిర్యాదు ఆ పైన కూర్చున్నవాళ్ల మీద.

మన ఒప్పందంలో రిపేర్లతో పాటు ఇంకో పని కూడా రాసుకున్నాం. మూడు నెలలకోసారి మీ సీనియర్ ఒకరు మాతో కూర్చోవాలి. మా కంప్యూటర్లు, సర్వర్, సాఫ్ట్‌వేర్, బ్యాకప్ ఏ స్థితిలో ఉన్నాయో చూడాలి. రాబోయే ఏడాదిలో ఏవి మార్చాలో, ఎంత ఖర్చవుతుందో కాగితం మీద పెట్టాలి. ఈ క్లాజు మేం పట్టుబట్టి పెట్టించుకున్నది కాదు. మిగతా ఇద్దరి కంటే మీ రేటు ఎందుకు ఎక్కువని అడిగితే, "వాళ్లు రిపేర్లు చేస్తారు సార్, మేం ప్లానింగ్ కూడా చేస్తాం" అని మీరే మా ఆఫీసులో కూర్చుని చెప్పారు. ఇన్వాయిస్‌లో దీన్ని విడిగా చూపించి ఏటా రూ.48,000 వసూలు చేస్తున్నారు కూడా.

ఇన్నేళ్లలో రివ్యూ పేరుతో జరిగింది ఒక్కటే, 2023 ఆగస్టులో. వచ్చినాయన మీ సేల్స్ మనిషి. ల్యాప్‌టాప్ తెరిచి, ఆ మూడు నెలల్లో ఎన్ని కాల్స్ వచ్చాయి, ఎన్ని క్లోజ్ చేశారు అని రంగురంగుల చార్టులు చూపించారు. మధ్యలో మా గోడౌన్ ఇన్‌ఛార్జి "సర్వర్ పాతబడిపోయింది కదండీ, ఇంకెన్నాళ్లు లాగుతుంది?" అని అడిగితే, "అది టెక్నికల్ టీమ్ చూసుకుంటుందండీ" అని తర్వాతి స్లైడ్‌కి వెళ్లిపోయారు. మిగిలిన టైమంతా కొత్త కెమెరాల సిస్టమ్ గురించే. కాఫీ తాగి వెళ్లాక మినిట్స్ లేవు, ఒక మెయిల్ కూడా లేదు. ఆ సర్వర్‌లో ఉన్నది విండోస్ సర్వర్ 2012 ఆర్2. దానికి మైక్రోసాఫ్ట్ సపోర్ట్, అంటే సెక్యూరిటీ అప్‌డేట్లు, 2023 అక్టోబరు 10తో అయిపోయాయి. అంటే ఆయన మా ఎదురుగా కూర్చునేటప్పటికి మిగిలింది రెండు నెలలే. గోడౌన్ ఇన్‌ఛార్జికి తట్టిన ప్రశ్న మీ కంపెనీకి తట్టలేదు.

తర్వాత 2024 జూన్‌లో మేం నాలుగు కంప్యూటర్లు కావాలంటే రీఫర్బిష్డ్‌వి (వాడినవి బాగుచేసి అమ్మేవి) ఇప్పించారు. ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్లు. విండోస్ 11కి ఎనిమిదో తరం లేదా ఆ పైది కావాలి, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ కావాలి. ఇది 2021లో విండోస్ 11 వచ్చినప్పటి నుంచీ అందరికీ తెలిసిన సంగతి. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో సపోర్ట్ ఆగిపోతుందనీ తెలుసు. అన్నీ తెలిసి, పదహారు నెలల్లో పాతబడిపోయే మెషీన్లు మాకు అంటగట్టారు. తెలియక చేశారంటారా, అయితే ప్లానింగ్ అని వసూలు చేసిన డబ్బు దేనికి?

ఆ అక్టోబరు 14 సంగతి మీ ఆఫీసు నుంచి మాకు మొదటిసారి తెలిసింది అక్టోబరు 3న, వాట్సాప్ ఫార్వర్డ్‌గా. కింద "కొత్త పీసీల కోసం సంప్రదించండి" అని ఉంది. మా పద్దెనిమిది కంప్యూటర్లలో పదమూడు విండోస్ 11కి పనికిరావు. డబ్బు కట్టి ఏడాదికోసారి పొడిగించుకునే సెక్యూరిటీ అప్‌డేట్ల స్కీము ఉంది. మొదటి ఏడాది ఒక్కో మెషీన్‌కు 61 డాలర్లు, ఆ తర్వాత ఏటా రెట్టింపు, గరిష్ఠంగా మూడేళ్లు. ఆ దారి ఉందని కూడా మాకు చెప్పింది మా ఆడిటర్ గారు, మీరు కాదు. ఏడాది ముందే చెప్పి ఉంటే నెలకు ఒకటో రెండో కొనుక్కుంటూ పోయేవాళ్లం. 2025 చివర్లో మెమరీ ధరలు ఎలా పెరిగాయో మీకు నేను చెప్పక్కర్లేదు. సరిగ్గా అప్పుడే పడి మొత్తం కొన్నాం.

ఇక డిసెంబరు సంగతి. మాది మందుల హోల్‌సేల్ వ్యాపారం. ప్రతి బిల్లు మీదా బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఉండాలి. ఇన్సులిన్, వ్యాక్సిన్ల లాంటివి 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి కాబట్టి ఆర్డర్ వచ్చిందంటే ఆగడానికి ఉండదు. అలాంటి చోట నెలాఖరులో సర్వర్ ఆగిపోయింది. అందులో రెండు డిస్కులుంటాయి, ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుంది. కానీ ఒకటి ఎప్పుడో పోయింది. దాని మీద నారింజ రంగు లైటు నెలల తరబడి వెలుగుతోందని మా అటెండర్‌కి తెలుసు, రోజూ ఆ గది ఊడుస్తాడు కాబట్టి. అది అంతేనేమో అనుకున్నాడట. రెండోది డిసెంబరు 27న పోయింది.

సరే, బ్యాకప్ ఉంది కదా అనుకున్నాం. సర్వర్ పక్కనే నాస్ బాక్సు (బ్యాకప్ కాపీలు దాచే పెట్టె), దాని మీద పచ్చ లైటు. తెరిచి చూస్తే చివరి బ్యాకప్ జూన్ నాటిది. మీ దగ్గర పనిచేసిన ఇంజినీరు ఒకాయన జూన్‌లో మానేశారట. ఆయన వెళ్లాక అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చారు. బ్యాకప్ జాబ్ ఆ పాత పాస్‌వర్డ్‌తోనే నడుస్తోంది కాబట్టి ఆ రోజు నుంచి ప్రతి రాత్రీ ఫెయిలవుతూ వచ్చింది. ఫెయిలైందని అలర్ట్ మెయిల్ కూడా ప్రతి రాత్రీ వెళ్లింది, ఆ మానేసినాయన మెయిల్‌కే. పాస్‌వర్డ్ మార్చినప్పుడు ఇదొక్కటి చూసుకోవాలని ఎవరికీ గుర్తు రాలేదు. మూడు నెలలకోసారి ఎవరైనా కూర్చుని "బ్యాకప్ నుంచి ఒక ఫైలు వెనక్కి తీసి చూపించండి" అని ఉంటే సెప్టెంబరులోనే బయటపడేది.

ఆ వారమంతా మా ఆడిటర్ ఆఫీసు కుర్రాడు ల్యాప్‌టాప్ తెచ్చుకుని, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ ఉచితంగా ఇచ్చే టూల్‌తో ఒక్కో ఇన్వాయిస్ చేసిపెట్టాడు. గొల్లపూడి గోడౌన్ నుంచి ఒకరు ర్యాక్ దగ్గర నిలబడి బ్యాచ్ నంబర్లు ఫోన్లో చదువుతుంటే ఇక్కడ ఇంకొకరు టైపు చేయడం. అమ్మకాల లెక్క జీఎస్టీ పోర్టల్లో ఉండబట్టి బతికాం. బ్యాచ్‌వారీ స్టాకు మాత్రం పోర్టల్లో ఉండదు కదా, సంక్రాంతి ముందు గోడౌన్ మూసి చేత్తో లెక్కపెట్టాం. డిస్కు నుంచి డేటా తీయించడానికి హైదరాబాద్‌లో కట్టింది రూ.64,000, దాని బిల్లు జతచేశాను. రిటైల్ షాపుల వాళ్లు ఆ వారంలో వేరే ఏజెన్సీల దగ్గర కొనుక్కున్నారు. అందులో ఎంతమంది వెనక్కి వస్తారో చూడాలి. దానికి లెక్క కట్టి మిమ్మల్ని అడగడం లేదు.

జరిగిన ప్రతిదీ మీ నెత్తిన వేయాలని లేదు. సరుకు రవాణాకు తీసుకునే ఈ-వే బిల్లు పోర్టల్లో ఓటీపీ లాగిన్ 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ తప్పనిసరి అయినప్పుడు ఆ ఓటీపీ మా పాత అకౌంటెంట్ ఫోన్‌కి వెళ్తూ ఒకరోజు లారీ ఆగిపోయింది. అది మా లోపలి వ్యవహారం. కానీ రివ్యూ జరిగి ఉంటే ఇలాంటివి మాటల్లో బయటికొస్తాయి. రివ్యూ అంటే మీ కాల్స్ లెక్క మాకు అప్పజెప్పడం కాదండీ. మా వ్యాపారంలో ఏం మారబోతోందో మమ్మల్ని అడగడం, మీ వైపు ఏం మారబోతోందో మాకు చెప్పడం. గుంటూరులో బ్రాంచి తెరిచే ఆలోచన ఏడాదిగా ఉంది. మీకు తెలియదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు. వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. మా దగ్గర డాక్టర్ల పేర్లు, ఫోన్ నంబర్లు వేలల్లో ఉన్నాయి. వాటి సంగతి ఏం చేయాలో కూడా ఎవరూ ఎత్తలేదు.

పాత సిస్టమ్‌లు పనిచేస్తున్నాయి కదా అని వదిలేస్తే ఏమవుతుందో 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్) వచ్చినప్పుడు చూశాం. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. అది వాడుకున్న లోపాన్ని సరిచేసే ప్యాచ్ మైక్రోసాఫ్ట్ ఇచ్చింది మార్చిలోనే. ఇదంతా జరిగాక మీరు పంపిన కొత్త సర్వర్ కోటేషన్ చూస్తే, అందులో విండోస్ సర్వర్ 2016 అని రాశారు. దానికి 2027 జనవరి 12తో సపోర్ట్ అయిపోతుంది. ఏడాది కూడా లేదు. కోటేషన్ చూసి నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

మేం కోరేవి ఇవి. మొదటి రెండేళ్ల సంగతి వదిలేస్తున్నాను. 2024-25, 2025-26 సంవత్సరాలకు రివ్యూల పేరుతో తీసుకున్న రూ.96,000, డేటా రికవరీ ఖర్చు రూ.64,000 వెనక్కి ఇవ్వాలి, లేదా క్రెడిట్ నోట్ ఇవ్వాలి. ఆ నాలుగు రీఫర్బిష్డ్ మెషీన్లు వాపసు తీసుకుని మేం కట్టిన ధరలో న్యాయమైన భాగం తిరిగివ్వాలి. ఫిబ్రవరి 10లోపు మొదటి రివ్యూ మా ఆఫీసులో జరగాలి. సేల్స్ వాళ్లు వద్దు. మా సర్వర్ ముట్టుకున్న సీనియర్ ఇంజినీరు, నిర్ణయం తీసుకోగలిగిన మీరు లేదా మీ పార్ట్‌నర్ రావాలి. వచ్చేటప్పుడు మా మెషీన్లన్నింటి జాబితా తేవాలి. ఏది ఎప్పుడు కొన్నది, వారంటీ ఎప్పటివరకు, సపోర్ట్ ఎప్పుడు ఆగుతుంది అనేది అందులో ఉండాలి. బ్యాకప్ నుంచి మా ఎదురుగానే డేటా రీస్టోర్ చేసి చూపించాలి. ఏప్రిల్ నుంచి మొదలయ్యే ఏడాదికి ఖర్చు అంచనా కూడా అప్పుడే కావాలి, మార్చిలో మేం మా బడ్జెట్ వేసుకుంటాం. మినిట్స్ రెండు రోజుల్లో మెయిల్ చేయాలి.

ఇంకొకటి. మా డొమైన్ పేరు మీ కంపెనీ మెయిల్ ఐడీ మీద రిజిస్టర్ అయి ఉందని ఈ గొడవలో తెలిసింది. దాన్ని మా పేరుకు మార్చండి. సర్వర్, ఫైర్‌వాల్, నాస్, క్లౌడ్ అన్నిటి అడ్మిన్ పాస్‌వర్డ్‌లు సీల్డ్ కవర్‌లో మాకు అందజేయండి. రెన్యువల్ అయినా కాకపోయినా ఈ రెండూ జరగాల్సినవే.

ఫిబ్రవరి 10లోపు రాతపూర్వకంగా జవాబు రాకపోతే, ఒప్పందంలోని నోటీసు క్లాజు ప్రకారం మార్చి 31తో ఏఎంసీ ఆపేస్తాం. అప్పటిదాకా పెండింగ్‌లో ఉన్న మీ చివరి క్వార్టర్ బిల్లు హోల్డ్‌లో పెడుతున్నాను.

ఇట్లు,
మేనేజింగ్ పార్ట్‌నర్,
మందుల హోల్‌సేల్ ఏజెన్సీ, విజయవాడ.

జతపరచినవి: ఒప్పందం కాపీ, నాలుగేళ్ల ఇన్వాయిస్‌లు, బ్యాకప్ ఫెయిల్ అలర్ట్‌ల ప్రింట్లు, డేటా రికవరీ బిల్లు, రీఫర్బిష్డ్ మెషీన్ల బిల్లు.