మొహమాటం పడితే కీటో నడవదండి

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మీ ఆదివారం అనుబంధంలో కీటో డైట్ మీద, అంటే అన్నం లాంటివి బాగా తగ్గించి కొవ్వు ఎక్కువ తినే పద్ధతి మీద, వేసిన పేజీ మా ఇంట్లో అందరం చదివాం. ఏం తినాలి, ఏం తినకూడదు, ముందు ఫోటో తర్వాత ఫోటో, అంతా బానే ఉంది గానీ మొదలెట్టినోళ్ళు మధ్యలో ఎందుకు వదిలేస్తున్నారో ఒక్క లైను కూడా లేదండి. మా ఆయనకి షుగరు, డాక్టరు గారే చూసి మందులు మార్చి మొదలెట్టించారు, ఇంట్లో వండేది నేను. అందుకని వండేవాళ్ళ వైపు నుంచి నాలుగు ముక్కలు రాస్తున్నా, బాగుంటే వేసుకోండి.

మాది రావులపాలెం దాటి కోనసీమ లోపలికి. చేలో పండేది స్వర్ణ, మార్టేరు రీసెర్చ్ స్టేషన్ వాళ్ళు 1982లో ఇచ్చిన రకం, ఏడాదికి సరిపడా బియ్యం ఇంట్లోనే ఉంటాయి. మొదటి వారం మా అత్తగారు కంచం వైపు చూసి "మనం పండించింది మనమే తినకపోతే ఎవడు తింటాడే" అన్నారు. ఆవిడ బాధ ఆవిడది, కాదనను. కానీ లెక్క చూడండి, వండిన అన్నం వంద గ్రాముల్లో దగ్గర దగ్గర 28 గ్రాములు కార్బ్సే, అంటే పిండి పదార్థమే, కీటోలో రోజు మొత్తానికి ఇచ్చేది 20 నుంచి 50 గ్రాములు. మా ఆయన పాత లెక్కలో మధ్యాహ్నం కంచంతోనే ఆ రోజు కోటా అయిపోయి ఇంకా అప్పు మిగిలేది.

అన్నం మానడమే కష్టం అనుకుంటారు అందరూ. మొదటి వారం తలనొప్పి, నీరసం ఉన్న మాట నిజమే, అప్పుడు ఒంట్లోంచి నీళ్ళతో పాటు ఉప్పు కూడా పోతదట, డాక్టరు గారు చెప్తే పల్చటి మజ్జిగలో ఉప్పేసి ఇచ్చేదాన్ని (బీపీ ఉన్నోళ్ళు, కిడ్నీ తేడా ఉన్నోళ్ళు ఇది అడక్కుండా చెయ్యకండి). అది దాటాక ఆకలి దానంతటదే తగ్గింది. సరుక్కి మనకేం లోటండి, రొయ్యలు, కొరమేను, పండుగప్ప, గోంగూర, బీరకాయ, వంకాయ, పెరట్లో కొబ్బరి, కవ్వంతో చిలికిన వెన్న. పులుసులో బెల్లం మానేసి చింతపండు సగానికి తగ్గించా, అంతే. వేరే ఊళ్ళోవాళ్ళు అవకాడో కోసం తిరుగుతారేమో, మనకా అవసరమే లేదు.

అసలు గొడవ పక్కింటి గుమ్మం దగ్గర మొదలవుద్ది. మనది మర్యాదల ఊరు కదా, వచ్చినోణ్ణి తినకుండా పంపితే వాళ్ళకి నిద్ర పట్టదు. మొన్న చుట్టాలింటికెళ్తే ఆత్రేయపురం పూతరేకులు ప్లేట్లో పెట్టి తెచ్చారు. ఈయన వద్దండీ అంటే "అబ్బే, కాగితమంత పల్చగా ఉంటది, ఇందులో ఏముంది బావగారూ, పైగా లోపలంతా నెయ్యే, మీ డైటుకి నెయ్యి మంచిదేగా" అన్నారు! రేకేమో బియ్యప్పిండిది, లోపల పంచదారో బెల్లమో, మధ్యలో నెయ్యి పేరు చెప్పి డైటులో కలిపేశారు. నాకు నవ్వాగలేదు, ఆయన మొహం చూస్తే జాలేసింది. పెళ్ళి భోజనాల్లో ఇంకా ఘోరం, చెయ్యి అడ్డం పెడితే వడ్డించే కుర్రాడు వేళ్ళ సందులోంచి వేసేస్తాడు, వెనకాల పెళ్ళికూతురి తండ్రి నిలబడి "మా ఇంట్లో తినరా ఏంటి" అంటాడు. చాలామంది డైట్లు పోయేది అక్కడేనండి, నాలిక మీద కోరికతో కాదు, ఎదుటోళ్ళు ఏమనుకుంటారో అని.

ఆ తర్వాత ఇంకోటి జరుగుద్ది. పెళ్ళి భోజనం చేసొచ్చి మర్నాడు పొద్దున్నే మెషీన్ ఎక్కుతారు, కిలోనో కిలోన్నరో పెరిగినట్టు చూపిస్తది, ఇంకేముంది, ఇన్నాళ్ళ కష్టం గోదాట్లో పోయిందని మధ్యాహ్నం నుంచి మామూలు అన్నం మొదలు. ఇది మీ పేపర్లో పెద్ద అక్షరాలతో రాయాల్సిన విషయం. ఒంట్లో దాచుకున్న పిండి పదార్థం, గ్లైకోజెన్ అంటారు, ఒక్కో గ్రాము తనతో పాటు సుమారు మూడు గ్రాముల నీళ్ళు పట్టుకునుంటది. మొదటి వారంలో గబగబా తగ్గిన బరువులో ఎక్కువ భాగం ఆ నీళ్ళే, ఒక్క భోజనంతో తిరిగొచ్చేదీ ఎక్కువగా ఆ నీళ్ళే. ఇది తెలిస్తే మొదట్లో ఎగిరి గంతేయక్కర్లేదు, మూడో వారం ముల్లు కదలకపోతే దిగులు పడక్కర్లేదు, పెళ్ళి మర్నాడు చేతులెత్తేయక్కర్లేదు. మా ఇంట్లో రోజూ తూగడం మానిపించేశా, వారానికోసారి, అదే పూట, వెంకట్రామా క్యాలెండర్ మీద పెన్సిలుతో రాసుకుంటారు, నడుం కొలత కూడా పక్కనే. ముల్లు ఆగినా టేపు తగ్గిన వారాలున్నాయి, అవి చూసుకునే ఆయన నిలబడ్డారు.

ఇక వండేవాళ్ళ సంగతి ఎవరూ రాయరు. ఆయనకో వంట, పిల్లలకో వంట, అత్తగారికో వంట అంటే ఏ ఆడది ఎన్నాళ్ళు చేస్తదండి? ముందు ఓపిక పోయేది ఆవిడకే, తినే మనిషికి కాదు. మా ఇంట్లో కూరలు అందరికీ ఒకటే, దుంపలు, పప్పు ఉన్న రోజు మాత్రం ఆయనకి రెండు గుడ్లు ఎక్స్‌ట్రా. మేం అన్నంలో కలుపుకుంటాం, ఆయన ఉత్త కూర గిన్నెడు పెట్టుకుంటారు. పెళ్ళికెళ్ళేముందు ఇంట్లోనే చేప ముక్కలు తినేసి బయల్దేరతారు, ఫోన్లోనే పెళ్ళివాళ్ళకి "డాక్టరు అన్నం మాన్పించారు, వేపుళ్ళు మాత్రం వదలను" అని చెప్పేస్తారు. డాక్టరు పేరు చెప్తే మన జిల్లాలో ఎవరూ బలవంతం చెయ్యరు, డైట్ అంటేనే ఎటకారం.

ఇదంతా యూట్యూబ్ పిచ్చి అనేవాళ్ళకి కూడా ఒక మాట. ఈ డైట్ 1921లో అమెరికాలో మేయో క్లినిక్‌లో వైల్డర్ అనే డాక్టరు మూర్ఛ రోగం కోసం పెట్టింది, మందులకి లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకి ఇప్పటికీ వాడుతున్నారు, గ్రాముల లెక్కన తూచి వండి పెట్టాల్సింది మాత్రం ఇంట్లోవాళ్ళే. మన దగ్గర 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి డైట్ పేరుతో ఊరూరా కొబ్బరి నూనె తాగారు, అప్పుడు మొదలెట్టిన మా వీధివాళ్ళు చాలామంది ఇప్పుడు ఆ ఊసే ఎత్తరు.

అలాగని జీవితాంతం 20 గ్రాముల దగ్గరే గీత గీసుకుని కూర్చోమనట్లేదు. 2018లోనే స్టాన్‌ఫర్డ్ వాళ్ళు 609 మందితో ఏడాది పాటు ఒక స్టడీ చేశారు, కొందరికి కార్బ్స్ తక్కువ, కొందరికి కొవ్వు తక్కువ, ఏడాది తర్వాత రెండు జట్లూ సగటున ఐదారు కిలోలు తగ్గాయి, వాటి మధ్య పెద్ద తేడా లేదు. నాకు నచ్చింది వాళ్ళ పద్ధతి. కార్బ్స్ జట్టుని ముందు బాగా కిందకి దింపి, తర్వాత వారం వారం కొంచెం కొంచెం కలుపుకుంటూ ఎక్కడ ఎప్పటికీ ఉండగలరో అక్కడ ఆగమన్నారట. మా డాక్టరు గారు కూడా అదే దారి పట్టారు, ఇప్పుడు ఆయనకి రాత్రి చిన్న గరిటెడు అన్నం పెరుగుతో ఉంది. అది స్వచ్ఛమైన కీటో కాదని ఎవరన్నా అంటే అననివ్వండి, మా అత్తగారు మాత్రం శాంతించారు.

షుగరు మాత్రలు వేసుకునేవాళ్ళు, ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు ఇది చదివేసి డాక్టర్ని అడక్కుండా మొదలెట్టకండి. కార్బ్స్ తగ్గించి అదే డోసు వాడితే షుగరు పడిపోద్ది. పేరు చివర గ్లిఫ్లోజిన్ అని వచ్చే మందులు వాడుతుంటే ఇంకా జాగ్రత్త, మెషీన్‌లో షుగరు మామూలుగా కనపడుతూనే రక్తంలో యాసిడ్ పెరిగి ప్రాణం మీదకి రావచ్చు. గర్భిణులు, లివరు, పాంక్రియాస్ జబ్బులున్నోళ్ళు అసలు సొంత వైద్యం పెట్టుకోవద్దు.

నా రిక్వెస్ట్ ఒకటేనండి. ఈసారి కీటో పేజీ వేసేటప్పుడు ఆ ఫోటోల చోటులో మన కూరలకి, మన చేపలకి గిన్నెకి ఎన్ని గ్రాముల కార్బ్సో ఒక పట్టిక వెయ్యండి, ఎవరన్నా డైటీషియన్ చేత పెళ్ళి భోజనంలో ఏం వేయించుకోవచ్చో రాయించండి. శ్రావణ మాసం పెళ్ళిళ్ళు మొదలయ్యేలోపు వస్తే మా వీధిలోనే ఇద్దరు ముగ్గురు కత్తిరించి ఫ్రిజ్జుకి అంటించుకుంటారు.

ఇట్లు,
ఒక గృహిణి, కోనసీమ