లాటినోలను సరిహద్దు వార్తలకే పరిమితం చేయకండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

అమెరికా వలస విధానం మారినప్పుడల్లా మీ పత్రికతో సహా తెలుగు పత్రికలన్నీ దాన్ని మొదటి పేజీలోకి తెస్తున్నాయి. వీసాల ఫీజులు, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూపులు, విద్యార్థుల ఉద్యోగ అనుమతులు మన ఇళ్లలోకి నేరుగా వచ్చే విషయాలు కనుక ఆ ప్రాధాన్యం సబబే. అయితే ఈ వార్తల్లో లాటినోలు, అంటే మెక్సికో, మధ్య, దక్షిణ అమెరికా, కరేబియన్ దీవుల మూలాలున్న అమెరికావాసులు, కనిపించే తీరు మాత్రం ఏళ్ల తరబడి ఒకే మూసలో సాగుతోంది. సరిహద్దు గోడ, చేతికి బేడీలు, విమానంలో తిరుగు ప్రయాణం తప్ప వారి గురించి మనకు మరొకటి తెలియదు. 2020 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో 6.21 కోట్ల మంది, అంటే ప్రతి వందమందిలో దాదాపు 19 మంది లాటినోలు. వారిలో అత్యధికులు ఆ దేశ పౌరులే. ఇంతమంది చరిత్రను ఒక కంచె ఫొటోతో సరిపెట్టడం విదేశీ వార్తలకు ఇంత చోటిచ్చే పత్రికకు తగదని విన్నవించుకోవడానికే ఈ లేఖ.

ఏటా సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 వరకు అమెరికాలో వీరి వారసత్వ మాసం జరుపుతారు. అది నెల మధ్యలో మొదలవడానికి కారణం ఉంది. కోస్టారికా, ఎల్ సాల్వడార్, గ్వాటెమాలా, హోండురాస్, నికరాగ్వా 1821లో స్పెయిన్ నుంచి స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది సెప్టెంబరు 15నే. మర్నాడు మెక్సికోకు, 18న చిలీకి జాతీయ పర్వదినాలు. 1968లో వారోత్సవంగా మొదలైన దీన్ని 1988లో నెలకు పెంచారు. వారోత్సవం చట్టంపై సంతకం చేసిన అధ్యక్షుడు లిండన్ జాన్సన్ యువకుడిగా ఉన్నప్పుడు, 1928లో, టెక్సస్‌లోని కొటుల్లా అనే చిన్న ఊళ్లో మెక్సికన్ కుటుంబాల పిల్లలకు పాఠాలు చెప్పారు. ఆకలితో బడికొచ్చే ఆ పిల్లలను తాను మరిచిపోలేదని 1965 మార్చిలో, నల్లజాతీయుల ఓటు హక్కు కోసం పార్లమెంటులో చేసిన ప్రసంగంలో ఆయన చెప్పుకున్నారు. బతుకంతా బడిలోనే గడిపిన నాకు ఆ ప్రసంగంలో మిగతా భాగం కంటే ఈ నాలుగు మాటలే ఎక్కువగా గుర్తున్నాయి. అదే ఏడాది అక్టోబరులో ఆయన సంతకం చేసిన వలస చట్టమే ఆసియా దేశాలవారికి అమెరికా తలుపులు తెరిచింది. తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు అక్కడ స్థిరపడగలిగింది ఆ చట్టం వల్లే.

మన పాఠకులకు తప్పక తెలియాల్సినది మెండెజ్ కుటుంబం వేసిన కేసు. కాలిఫోర్నియాలోని ఆరెంజ్ కౌంటీలో వెస్ట్‌మినిస్టర్ అనే ఊరుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అక్కడి ఒక జపనీస్ అమెరికన్ కుటుంబాన్ని ప్రభుత్వం నిర్బంధ శిబిరానికి తరలించింది. వారి ఆస్పరాగస్ పొలాన్ని మెక్సికోలో పుట్టిన గొంజాలో మెండెజ్, ప్యూర్టోరికోలో పుట్టిన ఆయన భార్య ఫెలిసిటాస్ కౌలుకు తీసుకున్నారు. పిల్లల్ని బడిలో చేర్పించడానికి వారి మేనత్త వెంటబెట్టుకుని వెళ్లింది. ఆమె సొంత పిల్లలు కాస్త తెల్లగా ఉన్నారు, ఇంటిపేరు కూడా ఫ్రెంచివారిదిలా వినిపించింది కనుక వారిని చేర్చుకుంటామన్నారు. మెండెజ్ పిల్లలు చామనఛాయ కనుక ‘మెక్సికన్ బడి’కి వెళ్లాలన్నారు. ఒకే ఇంటి పిల్లల్ని ఒంటి రంగు చూసి రెండు బడులకు పంచిన ఆ పద్ధతికి మండిపడి, ఆమె తన పిల్లల్ని కూడా చేర్పించకుండా అందరినీ వెనక్కి తీసుకొచ్చేసింది. నా దృష్టిలో ఈ వేర్పాటు మీద పోరాటానికి ఆరంభం కోర్టులో కాదు, ఆ మేనత్త వెనుదిరిగిన బడి గడప దగ్గరే.

గొంజాలో ఊరుకోలేదు. మరో నాలుగు కుటుంబాలను కలుపుకుని, నాలుగు పాఠశాల డిస్ట్రిక్టుల (స్థానిక బడులను నడిపే సంస్థల) మీద 1945లో దావా వేశారు. దాదాపు ఐదువేల మంది పిల్లల తరఫున సాగిన కేసు అది. పిల్లలకు ఇంగ్లిషు రాదని, శుభ్రత లేదని, అందుకే వేరు బడులని అధికారులు కోర్టులో వాదించారు. వారికి జవాబుగా ఒక బాలిక బోనెక్కి చక్కటి ఇంగ్లిషులో సాక్ష్యం చెప్పింది. వంశమూలాలతో నిమిత్తం లేకుండా పిల్లలంతా కలిసి చదువుకునేలా ప్రభుత్వ బడి ఉండాలన్న అర్థంలో 1946 ఫిబ్రవరిలో న్యాయమూర్తి పాల్ మెకార్మిక్ తీర్పు ఇచ్చారు. మరుసటి ఏడాది అప్పీలు కోర్టు ఆ తీర్పును సమర్థించింది. అయితే మెక్సికన్ సంతతి పిల్లల్ని వేరు చేయడానికి రాష్ట్ర చట్టం అనుమతించలేదన్న ఇరుకైన కారణం దగ్గరే అది ఆగింది. ఆదివాసీ, చైనా, జపాను సంతతుల పిల్లలకు వేరు బడులు పెట్టవచ్చనే నిబంధన అప్పటికి ఇంకా చట్టంలో ఉంది. 1947 జూన్‌లో గవర్నర్ ఎర్ల్ వారెన్ సంతకంతో అదీ రద్దయింది. ఈ అప్పీలులో పిల్లల పక్షాన వాదన సమర్పించినవారిలో నల్లజాతీయుల సంఘం న్యాయవాది తర్‌గుడ్ మార్షల్ కూడా ఉన్నారు. ఏడేళ్ల తర్వాత దేశమంతటా బడుల్లో వేర్పాటు చెల్లదన్న బ్రౌన్ కేసులో వాదించింది ఆ మార్షలే, తీర్పు చదివిన ప్రధాన న్యాయమూర్తి ఆ వారెనే. మెండెజ్ దంపతుల కూతురు సిల్వియాకు 2011లో అధ్యక్షుడు ఒబామా దేశ అత్యున్నత పౌర పురస్కారం అందించారు. అంబేడ్కర్ గురించి చదువుకుంటూ పెరిగిన మన విద్యార్థులకు ఈ కేసు ప్రాముఖ్యం ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు. అయినా ఇన్నేళ్లుగా పత్రికలు చదువుతున్న నేను దీన్ని తెలుగులో ఎక్కడా చూడలేదు.

లాటినోలందరూ ఎక్కడినుంచో వచ్చిపడ్డారన్న భావన కూడా చరిత్రకు నిలవదు. ఇంగ్లిషువారు జేమ్స్‌టౌన్‌లో దిగింది 1607లో, స్పెయిన్‌వారు ఫ్లోరిడాలో సెయింట్ అగస్టీన్ నిర్మించింది 1565లో. అమెరికా-మెక్సికో యుద్ధాన్ని ముగించిన 1848 నాటి గ్వాదలూపే ఇదాల్గో ఒప్పందంతో మెక్సికో తన భూభాగంలో సగానికి పైగా కోల్పోయింది. కాలిఫోర్నియా, నెవాడా, యూటా మొత్తంగా, అరిజోనా, న్యూమెక్సికో చాలావరకు అలా చేతులు మారినవే. మేము సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటిందని అక్కడి పాతకాపులు చెప్పుకునేది ఇందుకే. డాలస్ శివారులో మా అమ్మాయి ఉండే వీధిలో పచ్చిక కోయడానికి వచ్చే పెద్దాయనను మనవాళ్లంతా ‘మెక్సికన్’ అనేవారు. బడిలో నేర్చిన స్పానిష్‌తో మా మనవడు ఆయన్ని పలకరించబోతే, తమ వంశం ఐదారు తరాలుగా టెక్సస్‌లోనే ఉందని ఆయన టెక్సస్ యాస ఇంగ్లిషులో నవ్వుతూ చెప్పారట. ఆయన్ని అలా పిలిచే ఆ వీధిలోని మనవాళ్లలో పదేళ్లు దాటి అక్కడ ఉన్నవారెవరూ లేరన్నది వేరే సంగతి.

పౌరసత్వం ఉన్నా రక్షణ దొరకని కాలం కూడా వారు చూశారు. 1930ల ఆర్థిక మాంద్యంలో ఉద్యోగాలు స్థానికులకే అన్న నినాదంతో లక్షల మందిని మెక్సికోకు పంపించేశారు. వారిలో అమెరికాలోనే పుట్టిన పిల్లలు ఎందరో ఉన్నారు. 2005లో కాలిఫోర్నియా చట్టం చేసి మరీ దీనికి క్షమాపణ చెప్పింది.

భారతీయులతో వారికి రక్తసంబంధం కూడా ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లో పంజాబు నుంచి వెళ్లిన రైతులు కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ లోయలో పత్తి పండించారు. 1917 చట్టం భారతీయుల రాకను ఆపేయడంతో స్వదేశం నుంచి భార్యల్ని తెచ్చుకునే దారి మూసుకుపోయింది. జాతులు దాటిన పెళ్లిళ్లను కాలిఫోర్నియా చట్టం నిషేధించినా, వధూవరుల ఒంటి రంగు ఒకేలా ఉందని గుమాస్తాలు లైసెన్సు ఇచ్చేవారు. అలా కొన్ని వందల మంది పంజాబీలు మెక్సికన్ స్త్రీలను పెళ్లాడారు. 1923లో సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అనర్హులని తేల్చడంతో భూమి సొంతం చేసుకునే హక్కూ దక్కలేదు. చాలామంది అక్కడ పుట్టిన తమ పిల్లల పేరిట పొలాలు రాయించుకున్నారు. ఆ ఇళ్లలో మన రొట్టె, మెక్సికన్ల రొట్టె టోర్టియా ఒకే పెనం మీద కాలేవి. పిల్లలు తల్లితో చర్చికి వెళ్లేవారు, తండ్రితో గురుద్వారాకూ వెళ్లేవారు.

ఇక అసలు అభ్యర్థనకు వస్తాను. 2025 ఫిబ్రవరి 5న 104 మంది భారతీయులను సంకెళ్లతో సైనిక విమానంలో అమృత్‌సర్‌కు తెచ్చి దింపినప్పుడు మన పత్రికలన్నీ న్యాయంగానే ఆవేదన చెందాయి. అంతకు కొద్దిరోజుల ముందే అలాంటి విమానాల్లోనే గ్వాటెమాలావాసులు దిగినప్పుడు మాత్రం మనకు అది ఒక ఫొటో వార్త. ఆశ్రయం కోరుతూ సరిహద్దుకు వచ్చినవారిని సైతం ‘చొరబాటుదారులు’ అని శీర్షికల్లో రాయడం దయచేసి మానండి. ఆశ్రయం కోరే హక్కును అమెరికా చట్టమే గుర్తిస్తుంది.

సెప్టెంబరు 15 నుంచి మొదలయ్యే నెలలో మీ ఆదివారం అనుబంధంలో ఒక పుట, పిల్లల పేజీలో మెండెజ్ కుటుంబం కథ ప్రచురించండి. ఆ మాసం పేరిట అక్కడి పెద్ద దుకాణాల్లో కట్టే రంగురంగుల తోరణాలు, వంటకాల జాబితాలు చాలామంది వేసేస్తారు, మీరు వాటితో ఆగకండి. మన దగ్గరి విషయాలకే చోటు చాలడం లేదని మీ ఉపసంపాదకులు అనవచ్చు. విదేశాల్లోని తెలుగువారికోసం మీరు నడిపే పేజీ ఉండనే ఉంది. వారి పిల్లల పక్క బెంచీలో కూర్చునేది ఎవరో ఆ పేజీలోనైనా రాయవచ్చు. అనువాదానికి మనుషులు దొరకరనుకుంటే, స్పానిష్ చదువుతున్న తెలుగు విద్యార్థులు హైదరాబాదు విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు, వారిని అడగండి.

భవదీయుడు,
విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు, తెనాలి