నీలం ఇన్‌హేలరు ఒక్కటే చాలదు

సంపాదకులకు నమస్కారం.

గుంటూరు మిర్చి యార్డుకు దగ్గరలో మందుల దుకాణం నడుపుతున్నాను. ఏటా ఫిబ్రవరిలో టిక్కీల (మిర్చి బస్తాల) రాక ఊపందుకోగానే మా దగ్గరకు ఆయాసంతో వచ్చేవారూ పెరుగుతారు. హమాలీలు, కాటా దగ్గర పనిచేసేవారు, అందరికంటే ఎక్కువగా తొడిమలు తీసే ఆడవాళ్లు. చీరకొంగు ముక్కుకు చుట్టుకుని రోజంతా రేకుల షెడ్డులో కూర్చుంటారు. మిర్చిలోని కాప్సైసిన్ శ్వాసనాళాల్లోని నరాలను రేపి దగ్గు తెప్పిస్తుంది. ఘాటే కదా, అలవాటవుతుందని సరిపెట్టుకుంటారు. ఉబ్బసం ఉన్నవారికి అది దగ్గుతో ఆగదు. నాళాలు బిగుసుకుని అర్ధరాత్రి లేచి కూర్చోవలసి వస్తుంది. ఆ దుమ్ము చీరలతో పాటు ఇంటికీ చేరుతుంది. అక్కడ కట్టెల పొయ్యి, పరుపుల్లో దుమ్ముపురుగులు, వీధిలో లారీల పొగ. పిల్లల పిల్లికూతలకు వంశాన్ని ఒక్కదాన్నే తప్పుపట్టడం అన్యాయం.

ఇంతకంటే బాధపెట్టేది ఇంకొకటి ఉంది. చాలామంది నీలం ఇన్‌హేలరు మాత్రమే అడుగుతారు. అందులోని సాల్బుటమాల్ బిగిసిన నాళాలను కొన్ని గంటలు సడలిస్తుంది, లోపలి వాపును తగ్గించదు. వాపు తగ్గాలంటే స్టెరాయిడ్ ఇన్‌హేలరు కావాలి. పెద్దలకు, కౌమారంలోని పిల్లలకు సాల్బుటమాల్ ఒక్కటే ఇవ్వవద్దని అంతర్జాతీయ ఉబ్బస మార్గదర్శకాలు 2019లోనే చెప్పాయి. మా వీధిలో మాత్రం ఇన్‌హేలరు పట్టుకుంటే ఇక వదలదనీ, ఆడపిల్లకు సంబంధాలు రావనీ భయం. అందుకని బిళ్లలే ఇమ్మంటారు. 4 మిల్లీగ్రాముల సాల్బుటమాల్ బిళ్లలో ఉన్న మందులో నలభయ్యో వంతే ఒక పీల్పులో ఉంటుందనీ, అది నేరుగా ఊపిరితిత్తులకే వెళుతుందనీ చెబితే ఆశ్చర్యపోతారు. ఒక తల్లి నా మాట విని కూతుర్ని డాక్టరుకు చూపించింది. ఆ పిల్ల ఇప్పుడు బడి మానడం లేదు.

2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో గుంటూరు, విజయవాడ రెండూ ఉన్నాయి. రోడ్ల దుమ్ముతో పాటు తొడిమల షెడ్ల దుమ్మునూ అధికారులు లెక్కలోకి తీసుకోవాలి. షెడ్లకు గాలిని బయటికి లాగే ఫ్యాన్లు, కూలీలకు గుడ్డ ముక్కలు కాక అసలైన మాస్కులు యజమానులే ఇవ్వాలి. సీజనులో వారానికి ఒకరోజు యార్డు దగ్గరే ఊపిరి పరీక్ష పెట్టాలి. వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు బుడెసొనైడ్ ఇన్‌హేలరు అత్యావశ్యక మందుల జాతీయ జాబితాలో ఉన్నదే. పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో అది ఎప్పుడూ అయిపోకుండా చూడాలి. వచ్చే పంట యార్డుకు చేరేలోపే ఈ ఏర్పాట్లు జరగాలని కోరుతున్నాను.

– ఒక ఫార్మసిస్టు, గుంటూరు