తుపాకీ ఉద్యోగాలకి పంపేవాళ్లని అడిగేదెవరు?

ఎడిటర్ గారికి నమస్కారం,

కిరాయి సైన్యాల గురించి పేపర్లలో ఈమధ్య బాగానే వస్తోంది. రష్యా కిరాయి సైన్యం వాగ్నర్‌ని నడిపిన ప్రిగోజిన్ 2023 జూన్‌లో రష్యా మీదే తిరగబడటం, రెండు నెలలకే విమానం కూలి పోవడం, అదంతా సినిమాలా ఉంటుంది కాబట్టి జనం చదువుతారు. ఈ బిజినెస్‌తో మన చెన్నైకి ఉన్న లింకు మాత్రం ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

2013 అక్టోబర్‌లో సీమన్ గార్డ్ ఓహియో అనే ఓడని తూత్తుకుడి దగ్గర కోస్ట్ గార్డ్ పట్టుకుంది. కంపెనీ అమెరికాది, జెండా సియెర్రా లియోన్‌ది, సముద్రపు దొంగల నుంచి సరుకు ఓడల్ని కాపాడే గార్డుల్నీ వాళ్ల తుపాకుల్నీ సముద్రం మీదే ఉంచే ఓడ అది. లోపల 35 మంది, 35 రైఫిళ్లు, 5,000కు పైగా తూటాలు. పర్మిషన్ లేకుండా ఆయుధాలతో మన నీళ్లలోకి వచ్చారని ఒక కేసు, లోకల్ బోటు నుంచి దొంగచాటుగా డీజిల్ కొన్నారని ఇంకో కేసు. హైకోర్టు ఆయుధాల కేసు కొట్టేస్తే సుప్రీంకోర్టు విచారణ జరగాల్సిందే అంది, 2016 జనవరిలో తూత్తుకుడి కోర్టు ఐదేళ్లు వేసింది, 2017 నవంబర్‌లో మదురై బెంచి అందర్నీ నిర్దోషులని వదిలేసింది, ఈ లోపల నాలుగేళ్లు గడిచిపోయాయి. వాళ్లలో ఆరుగురు బ్రిటిష్ మాజీ సైనికులు, వాళ్లకి ‘చెన్నై సిక్స్’ అని పేరొచ్చింది, వాళ్లని విడిపించాలని బ్రిటన్‌లో లక్షల సంతకాలు పడ్డాయి. అదే ఓడలో మన ఇండియావాళ్లు 12 మంది ఉన్నారండీ, వాళ్ల గురించి ఎవరైనా ఒక్క సంతకం పెట్టారా? నెల్లూరు బస్సులో, వాళ్లని ఉంచిన మన చెన్నై పుళల్ జైలు దాటినప్పుడల్లా నాకు ఇదే అనిపిస్తుంది.

నేను ఆర్మీలో హవల్దారుగా రిటైరై అంబత్తూరులో ఒక ఫ్యాక్టరీకి సెక్యూరిటీ సూపర్‌వైజర్‌గా చేస్తున్నా. మా ఎక్స్ సర్వీస్‌మెన్ వాట్సాప్ గ్రూపుల్లో తరచూ వస్తుంటాయి, ఇరాక్ ఆయిల్ ఫీల్డ్‌కి గార్డులు కావలెను, వెపన్ హ్యాండ్లింగ్ తెలిసుండాలి, తిండీ బసా ఫ్రీ, జీతం డాలర్లలో అని. కింద ఒక మొబైల్ నంబరు ఉంటుంది, కంపెనీ పేరు ఉండదు. నా దగ్గర చేసే గిద్దలూరు వైపు కుర్రాడొకడు కాంట్రాక్టు తెచ్చి చూపించాడు. మొత్తం ఇంగ్లిష్‌లోనే, జీతం అంకె మాత్రం లావుగా కొట్టొచ్చినట్టు ఉంది, మనిషి పోతే ఇంటికి ఎంతిస్తారో రాయాల్సినచోట ఖాళీ. గొడవొస్తే ఏ కోర్టుకెళ్లాలి అని చూస్తే మేమిద్దరం ఎప్పుడూ వినని ఏదో ద్వీపం పేరుంది. “అన్నా, అదంతా ఫార్మాలిటీ అంట” అన్నాడు వాడు.

మనకి చట్టం లేదని కాదు. 2005లో వచ్చిన ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం ఉంది, మా లైన్లో పసారా అంటాం. ఏటీఎం దగ్గర స్టూలు మీద కునికిపాట్లు పడే పెద్దాయనకి కూడా దాని ప్రకారం ట్రైనింగు, వెరిఫికేషన్ ఉండాలి. ఏజెన్సీ విదేశాల్లో సెక్యూరిటీ ఇవ్వాలంటే పర్మిషన్ కావాలి, అది ఇచ్చేముందు సెంట్రల్ గవర్నమెంటుని సంప్రదించాలి అని కూడా అందులోనే రాసుంది. కానీ బయటి దేశం కంపెనీ నేరుగా ఫోన్లో మాట్లాడి మనిషిని విమానం ఎక్కించేస్తే ఆ రూలు ఎవరికి తగుల్తుంది చెప్పండి. పోనీ ఎమిగ్రేషన్ వాళ్లు చూస్తారా అంటే, ఇరాక్, సూడాన్ లాంటి దేశాలకి పనికెళ్లేవాళ్లకి క్లియరెన్స్ ఉంది గానీ టెన్త్ పాసైతే అక్కర్లేదు. మా జవాన్లు దాదాపు అందరూ టెన్త్ పాసే. అంటే పార పట్టుకుని వెళ్లే కూలీకి ఉన్నపాటి చెకింగ్ కూడా తుపాకీ పట్టుకుని వెళ్లేవాడికి లేదన్నమాట!

బయట పరిస్థితి ఇంతకంటే గొప్పగా ఏం లేదు. 2007లో బాగ్దాద్ నిసూర్ స్క్వేర్‌లో బ్లాక్‌వాటర్ అనే అమెరికా ప్రైవేట్ సెక్యూరిటీ కంపెనీ గార్డులు 17 మంది మామూలు జనాన్ని కాల్చి చంపారు, ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగి నలుగురికి శిక్ష పడితే 2020లో ట్రంప్ క్షమాభిక్ష పెట్టేశాడు. 2008లో స్విట్జర్లాండ్, రెడ్‌క్రాస్ వాళ్లు కూర్చుని ఇలాంటి కంపెనీల విషయంలో దేశాలు ఏం చెయ్యాలో చెప్పే మాంత్రో డాక్యుమెంట్ అని ఒకటి తయారుచేశారు, దాన్ని పాటించకపోతే అడిగేవాడు లేడు, మన దేశం అందులో చేరనూ లేదు. కంపెనీని పెట్టుకున్న దేశం, కంపెనీ పుట్టిన దేశం, పని జరిగే దేశం, ఈ ముగ్గురి గురించే అందులో ఎక్కువ రాశారు. మనుషుల్ని పంపే మనలాంటి దేశం వాళ్లకి పెద్దగా ఆనినట్టు లేదు.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, 2022లో సైన్యంలో పెట్టిన అగ్నిపథ్ స్కీమ్‌లో నాలుగేళ్లయ్యాక నూటికి పాతికమందినే ఉంచుకుంటారు, మిగతావాళ్లు పాతికేళ్లకి అటూఇటూ వయసులో పెన్షన్ లేకుండా బయటికొస్తారు. మిలటరీ మాధవరం నుంచి శ్రీకాకుళం దాకా మన ఊళ్లలో ఇలాంటి పిల్లలు ఎంతమందో. ఆ మొబైల్ నంబర్లవాళ్లు కూడా వీళ్ల కోసమే కాచుకుని ఉన్నారు. గవర్నమెంటు ఆయుధంతో చేసే ఏ ఉద్యోగానికైనా చదువుతో పనిలేకుండా క్లియరెన్స్ తప్పనిసరి చెయ్యాలి, కాంట్రాక్టు కాపీ తెలుగులో, తమిళంలో సైనిక్ వెల్ఫేర్ ఆఫీసులో ముందే ఇప్పించాలి, పంపే ఏజెంటు దగ్గర డిపాజిట్ కట్టించుకోవాలి, రేపు వాడు ఫోన్ ఎత్తకపోయినా ఇంటివాళ్లకి ఏదో ఒకటి అందుతుంది.

గ్రూపుల్లో వచ్చిన ఆ యాడ్స్ స్క్రీన్‌షాట్లు నా దగ్గరున్నాయి. మీ రిపోర్టర్ ఎవరైనా ఆ నంబర్లకి ఫోన్ చేసి, మీ లైసెన్స్ నంబరు ఎంత అని అడుగుతానంటే పంపిస్తాను.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు,
అంబత్తూరు, చెన్నై