మతిమరుపు వచ్చిన గంటలోనే తీసిన స్కాన్ చాలదు

సంపాదకులకు,

ఉన్నట్టుండి జ్ఞాపకం పోయి, అడిగిన ప్రశ్నే మళ్లీ మళ్లీ అడిగే మనిషికి వెంటనే ఎంఆర్ఐ తీస్తే చాలాసార్లు 'నార్మల్' అనే వస్తుంది. అది చూసి 'ఏమీ లేదు, మానసికం' అనేయడం అన్యాయం.

ఇలా హఠాత్తుగా వచ్చి, తనంతట తానే తగ్గిపోయే మతిమరుపును ట్రాన్సియెంట్ గ్లోబల్ అమ్నీషియా అంటారు. ఇది ఎక్కువగా 50 ఏళ్లు దాటినవారికి వస్తుంది, 24 గంటల్లోపే తగ్గుతుంది. తన పేరు, అయినవాళ్లు గుర్తుంటారు. కొత్త విషయమే మనసులో నిలవదు. దీని ఆనవాలు హిప్పోకాంపస్‌లో, అంటే మెదడులో కొత్త జ్ఞాపకాలను నిలిపే భాగంలో, కొద్ది మిల్లీమీటర్ల చుక్క. డిఫ్యూజన్ చిత్రాల్లో (కణజాలంలో నీటి కదలికను చూపే ఎంఆర్ఐ చిత్రాలు) అది బాగా కనబడేది లక్షణాలు మొదలైన 24 నుంచి 72 గంటల మధ్య. కొన్నాళ్లకు మాయమవుతుంది కూడా.

వేళ కుదిరినా 5 మిల్లీమీటర్ల మందపు స్లైసులు తీస్తే చుట్టూ ఉన్న కణజాలంలో ఆ చుక్క కలిసిపోతుంది. 3 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా పలుచగా, అడ్డంగానూ కరోనల్‌గానూ (తలను ముందు, వెనుక భాగాలుగా విడదీసే నిలువు కోత) తీయాలి. చెవి ఎముక దగ్గరి గాలివల్ల కూడా ఆ చుక్కలాంటి తెల్లటి మెరుపు వస్తుంది. ఏడీసీ మ్యాప్‌తో (నీటి కదలికను కొలిచి చూపే చిత్రం) సరిపోల్చకుండా నిర్ధారించవద్దు.

అలాగని మొదటి స్కాన్ వాయిదా వేయకూడదు. మాట తడబడినా, చేయి పడిపోయినా, తీవ్రమైన తలనొప్పి, ఫిట్స్, తలకు దెబ్బ ఉన్నా క్షణం ఆగొద్దు. చుక్కలు హిప్పోకాంపస్ బయట కనబడితే పక్షవాతం కోణంలో వెతకాలి. మతిమరుపు గంటలోపే తగ్గుతూ, ముఖ్యంగా నిద్రలేచినప్పుడు, తిరగబెడుతుంటే మూర్ఛ ఉందేమో చూడటానికి ఈఈజీ (మెదడు విద్యుత్ సంకేతాల పరీక్ష) చేయించాలి.

వైద్య మిత్రులకు ఒక మనవి: స్కాన్ చీటీలో 'మతిమరుపు' అని వదిలేయకండి, అది మొదలైన సమయం కూడా రాయండి.

– ఒక న్యూరాలజిస్టు, ఒక రేడియాలజిస్టు