ఓటు వద్దని చెప్పడానికి వచ్చిన పెద్దాయన

బ్రాంప్టన్, కెనడా,
2025 మే

ఒరేయ్ శీనూ,

ఉత్తరం రాయడం బాగా ఆలస్యమైంది, ఏమీ అనుకోకురా. నీది సంక్రాంతి ముందే అందింది. ఇక్కడ అందరం బాగున్నాం. చిన్నాడికి ముందు పళ్ళు ఊడాయి. జయకి ఉద్యోగం పర్మనెంట్ అయింది. అమ్మ మోకాళ్ళ నొప్పి అలాగే ఉంది, నువ్వు పంపిన తైలం రాస్తున్నాం. ఇంటి కబుర్లు ఇంతే అనుకో. చెప్పాల్సింది వేరే ఉంది. ఫోన్లో మొదలుపెడితే మధ్యలో "సరేగానీ" అంటావు, అందుకని కాగితం తీశాను.

నేను ఎన్నికల డ్యూటీ చేశాను! నిజంరా. ఇన్నేళ్ళూ నువ్వు పెట్టె భుజానికెత్తుకుని బస్సెక్కడం, దోమల కథలు, ఆ పెదవడ్లపూడి ఉప్మా సంగతి వినీ వినీ నాకూ ఒకసారి కూర్చోవాలని ఉండేది. ఇక్కడ టీచర్లకే వేయాలని ఏమీ లేదు, దరఖాస్తు పెట్టుకుంటే శిక్షణ ఇచ్చి కూర్చోబెడతారు, డబ్బులూ ఇస్తారు. ఫిబ్రవరి 27న మా ప్రావిన్స్ ఒంటారియో ఎన్నిక. ప్రావిన్స్ అంటే మన రాష్ట్రం లాంటిదే. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా పోలింగ్. బయట మోకాలి లోతు మంచు. వేలికి సిరా లేదు. సిరా లేకుండా ఎన్నికేమిటని నువ్వు అంటావని తెలుసు, నాకూ ఆ రోజంతా ఏదో వెలితిగానే ఉంది.

అసలు ఈ ఎన్నిక అప్పుడు రావాల్సిందే కాదు. 2026 జూన్ దాకా గడువుంది. ప్రీమియర్ డగ్ ఫోర్డ్, అంటే ముఖ్యమంత్రి అనుకో, ట్రంప్ సుంకాలు వేస్తానంటున్నాడు, ఎదుర్కోవాలంటే నాకు గట్టి మద్దతు కావాలి అని ముందే పెట్టేశాడు. అప్పటికే ఆయన చేతిలో పూర్తి మెజారిటీ ఉంది. దానికి కొంచెం ముందే మనిషికి 200 డాలర్ల చొప్పున చెక్కులొచ్చాయి. మాకూ వచ్చాయి. బ్యాంకులో వేశాం, వేయకుండా ఎందుకుంటాం? కానీ ఆ చెక్కు చూసినప్పటి నుంచీ నాకు మనసులో ఏదో ముల్లు.

సరే, డ్యూటీ. సాయంత్రం దాకా జనం పలచగానే వచ్చారు. చీకటి పడుతుండగా ఒక పెద్దాయన వచ్చాడు. డెబ్భై దాటి ఉంటాయి. పేరు చెప్పను, చెప్పకూడదు కూడా. బూట్ల నుంచి మంచు కరిగి నేలంతా నీళ్ళు. లోపలి వెచ్చదనానికి కళ్ళద్దాలు మసకబారితే తీసి మఫ్లరుతో తుడుచుకున్నాడు. కార్డు చూపించాడు, జాబితాలో పేరు కొట్టాం, బ్యాలెట్ మడిచి చేతికిచ్చాను. ఆయన దాన్ని తెరిచి కూడా చూడలేదు. బల్లమీద నా వైపు తిప్పిపెట్టి, "నేను ఓటు వేయడానికి నిరాకరిస్తున్నాను. అలాగే రాయండి" అన్నాడు.

పక్క బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి ఆయనకి కళ్ళు కనపడటం లేదేమో అనుకుని సాయం చేయడానికి లేచింది. నాకు మాత్రం ఒళ్ళు ఝల్లుమంది. ఎందుకో నీకు తెలుసు. మన ఎన్నికల నియమం, నలభై తొమ్మిది ఓ! నోటా రాకముందు ఓటరు వేయనంటే 17ఏ ఫారంలో, అంటే ఓటర్ల రిజిస్టరులో, రిమార్కు రాసి, సంతకం తీసుకుని, ఏజెంట్లందరి ముందూ వాడి గుట్టు బయటపడేదని గంటసేపు వాదించావే, ఆ రాత్రి మేడమీద. అదే ఇక్కడ నా బల్ల మీదికి వచ్చింది.

ఒంటారియో చట్టంలో దీనికి చోటుంది. ఓటరు బ్యాలెట్ తీసుకుని వెనక్కిచ్చేస్తే దాని వెనక "నిరాకరించారు" అని రాసి, విడిగా భద్రం చేసి, రికార్డులో ఎక్కించాలి. 2014లో 31 వేలకు పైగా జనం అలా వెనక్కిచ్చారు. శిక్షణలో చెప్పారు గానీ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నేను పెన్ను తీసి రాస్తుంటే ఆయన అక్షరం అక్షరం తలకిందులుగా చదువుకుంటూ నిలబడ్డాడు. రాయడం అయ్యాక "ఇది లెక్కలోకి వస్తుందా?" అని అడిగాడు. వస్తుంది, విడిగా లెక్కపెట్టి చెబుతారు అన్నాను. థాంక్స్ చెప్పి, టోపీ చెవుల మీదికి లాక్కుని, మళ్ళీ ఆ మంచులోకి వెళ్ళిపోయాడు.

శీనూ, ఓటు వేయనివాడంటే నాకు ఇంతకాలం ఇంట్లో పడుకున్నవాడే కళ్ళముందు మెదిలేవాడు. ఈయన ఆ చలిలో నడిచొచ్చి వరసలో నిలబడ్డాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఫలితాలు చెప్తాను, నీకు లెక్కలంటే ఇష్టం కదా. ఫోర్డ్ పార్టీ ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్‌లకి 43 శాతం ఓట్లు, 124లో 80 సీట్లు. లిబరల్స్‌కి 30 శాతం, సీట్లు 14. ఎన్‌డీపీకి, అంటే న్యూ డెమోక్రటిక్ పార్టీకి, 19 శాతం కన్నా తక్కువ, సీట్లు మాత్రం 27, ప్రధాన ప్రతిపక్షం. మా బ్రాంప్టన్‌లో అయిదుకి అయిదూ ఫోర్డ్‌వే. పోలింగ్ 45 శాతం. అంతకుముందు 2022లో 44. అంటే ఓటు హక్కున్న నూరు మందిలో ఇరవై మంది కూడా ఆయన పార్టీకి వేయకుండానే పూర్తి మెజారిటీ. పోయినేడు మే నెలలో మన ఆంధ్రాలో 80 శాతం దాటిందని, రాత్రి పదింటికి కూడా క్యూ తరగలేదని నువ్వు రాశావే, ఆ ఉత్తరం తీసి మళ్ళీ చదువుకున్నాను.

మార్చిలో ఆయన లైబ్రరీలో కనిపించాడు. నన్ను ఆయనే గుర్తుపట్టాడు. "నా కాగితం మీద రాసింది నువ్వే కదూ" అని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇక చూడు, ముప్ఫై అయిదేళ్ళ చరిత్ర! కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. 1990లో బాబ్ రే నాయకత్వంలో ఎన్‌డీపీ గెలిచిందట, ఎవరూ ఊహించలేదట. కార్మికుల పార్టీ వచ్చిందని ఆ రాత్రి ఫ్యాక్టరీ వాళ్ళంతా రోడ్డు మీదికొచ్చారట. మూడేళ్ళు తిరక్కుండానే ఆ ప్రభుత్వమే ఖర్చు తగ్గించడానికి ప్రభుత్వ ఉద్యోగుల చేత జీతం లేని సెలవులు పెట్టించింది. "రే డేస్" అని ఇప్పటికీ అంటారు. ఈయన భార్య స్కూలు ఆఫీసులో పనిచేసేది, ఆమెకీ కోత పడింది. తర్వాత ఆ బాబ్ రే లిబరల్ పార్టీలో చేరి 2011లో దానికి తాత్కాలిక నాయకుడయ్యాడు. "నేను అక్కడే ఉన్నాను, నా నాయకుడే వెళ్ళిపోయాడు" అన్నాడు పెద్దాయన.

1995లో కన్సర్వేటివ్ మైక్ హ్యారిస్ ప్రీమియర్‌గా వచ్చి ఆసుపత్రులు మూయించాడు. 2003లో లిబరల్ డాల్టన్ మెగింటీ పన్నులు పెంచనని కాగితం మీద సంతకం పెట్టి గెలిచాడు, 2004లోనే ఆరోగ్యం పేరుతో కొత్త పన్ను వేశాడు. ఎన్నికల ముందు ఓట్లు పోతాయని రెండు గ్యాస్ విద్యుత్ కేంద్రాలు ఆపేస్తే వంద కోట్ల డాలర్ల దాకా బూడిదలో పోశారని ఆడిటర్ తేల్చింది. ఆ తర్వాత అదే పార్టీ ప్రీమియర్ కాథలీన్ విన్ కరెంటు సంస్థలో వాటాలు అమ్మింది. జనం మండిపడి 2018లో లిబరల్స్‌ని 7 సీట్లకి దించేశారు. ఆ కోపమంతా ఎవరికి పనికొచ్చింది? ఫోర్డ్‌కి. గ్రీన్‌బెల్ట్ ముట్టుకోనన్నాడు. టొరంటో చుట్టూ ఉన్న పొలాలు, అడవులు కట్టడాలకి ఇవ్వకూడదని కాపాడిన భూమి అది. 2022లో అందులోంచి 7,400 ఎకరాలు తీశాడు. కొద్దిమంది బిల్డర్ల భూముల విలువ 800 కోట్ల డాలర్లకు పైగా పెరుగుతుందని ఆడిటర్ రిపోర్టు ఇచ్చాక, 2023 సెప్టెంబరులో తప్పయిందని వెనక్కి తీసుకున్నాడు. మన రాజధాని భూముల గొడవ చూసినవాళ్ళకి ఇది విడమరచి చెప్పక్కర్లేదనుకో.

ఇవన్నీ ఆయన కోపంగా చెప్పలేదురా. పాత బాకీల పుస్తకం తీసి ఒక్కో పద్దూ చదువుతున్నట్టు చెప్పాడు. దేశ ప్రధానిగా చేసిన లిబరల్ నాయకుడు ట్రూడో దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు మారింది.

2015లో ట్రూడో, ఎక్కువ ఓట్లు ఎవరికొస్తే వాళ్ళే గెలిచే ఈ పద్ధతిలో ఇదే ఆఖరి ఎన్నిక, తర్వాత పద్ధతి మారుస్తాను అన్నాడు. పైన చెప్పిన 30 శాతానికి 14, 19 శాతానికి 27 లాంటి లెక్కలు ఉండవన్నమాట. ఈయన మనవరాలికి అప్పుడే పద్దెనిమిది నిండాయి. పార్టీలన్నీ ఒకటే తాతా, నేను వేయను అందట. ఈయనే కూర్చోబెట్టి, ఈసారి నీ ఓటుకి విలువ వస్తుంది అని నచ్చజెప్పి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. 2017 ఫిబ్రవరిలో ట్రూడో ఆ మాట పక్కన పెట్టేశాడు, ఏకాభిప్రాయం లేదని. ఆ అమ్మాయి మళ్ళీ పోలింగ్ స్టేషన్ మొహం చూడలేదు. "పార్టీ నన్ను మోసం చేస్తే నేను భరిస్తాను, నా చేత నా మనవరాలికి అబద్ధం చెప్పించింది" అన్నాడు. నేను ఏమీ అనలేకపోయాను. నువ్వుంటే ఏమనేవాడివో.

ఇంకొకటి. బ్రాంప్టన్‌లో ఆసుపత్రి వరండాల్లో రోగుల్ని పెట్టాల్సి వస్తోందని మా సిటీ కౌన్సిలే 2020లో ఆరోగ్య ఎమర్జెన్సీ ప్రకటించింది. ఒంటారియోలో పాతిక లక్షల మందికి ఫ్యామిలీ డాక్టరు లేడు. అడిగితే ప్రావిన్స్ వాళ్ళు ఒట్టావా, అంటే కేంద్ర ప్రభుత్వం, డబ్బులు ఇవ్వడం లేదంటారు, ఒట్టావా వాళ్ళు ఆసుపత్రులు ప్రావిన్స్ పని అంటారు. మన పిల్లల విషయమూ అంతే. గుంటూరు నుంచి, వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ బేస్‌మెంట్లలో ఇరుక్కుని ఉంటున్న కుర్రాళ్ళకి వీసా ఇచ్చేది ఒట్టావా, కాలేజీలు ప్రావిన్స్‌వి, అద్దెలు పెరిగితే తిట్లు మాత్రం ఆ కుర్రాళ్ళకి. మొన్న మా వీధిలో ఒకడు బస్టాప్ దగ్గర... సరే, అది ఇంకోసారి రాస్తాను, రాస్తుంటేనే ఒళ్ళు మండుతోంది.

ఏప్రిల్ 28న దేశమంతా ఎన్నిక. ట్రూడో దిగిపోయి మార్క్ కార్నీ వచ్చాడు. ట్రంప్ కెనడాని 51వ రాష్ట్రం చేస్తానంటూ ఉంటే జనానికి టెన్షన్ పట్టుకుంది. పోలింగ్ దాదాపు 69 శాతానికి లేచింది. లిబరల్స్ 169, మెజారిటీకి మూడు తక్కువ. ఎన్‌డీపీ అభిమానులు చాలామంది ట్రంప్ భయంతో లిబరల్స్‌కి వేసేశారు, ఆ పార్టీకి 7 సీట్లే మిగిలాయి. దాని నాయకుడు జగ్మీత్ సింగ్ సొంత సీటులో ఓడి రాజీనామా చేశాడు. ఫిబ్రవరిలో అయిదుకి అయిదూ ఫోర్డ్‌కి ఇచ్చిన మా బ్రాంప్టనే ఏప్రిల్‌లో ఒక్కటి తప్ప అన్నీ లిబరల్స్‌కి ఇచ్చింది. వీళ్ళకి ఏ పార్టీ మీదా ప్రేమ లేదురా, ఎవర్ని ఆపాలన్నదే చూసుకుంటున్నారు.

నీకు నచ్చేది ఒకటుంది, విను. కన్సర్వేటివ్ నాయకుడు పొయిలీవ్ర నిలబడ్డ కార్ల్‌టన్‌లో ఎన్నికల పద్ధతి మార్చాలని నిరసనగా పదుల కొద్దీ నామినేషన్లు వేశారు. మొత్తం 91 పేర్లు! బ్యాలెట్ దాదాపు మీటరు పొడవు. దాన్ని మడిచి పెట్టెలో వేయించడం, మళ్ళీ విప్పి చేత్తో లెక్కపెట్టడం... నువ్వు అక్కడ డ్యూటీలో ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు, పెదవడ్లపూడి మళ్ళీ జరిగేది. ఆయన అక్కడ ఓడిపోయాడు కూడా.

పోలింగ్‌కి ముందు పెద్దాయన్ని అడిగాను, ఈసారీ వెనక్కిస్తారా అని. ఫెడరల్ ఎన్నికలో ఆ వీలు లేదట. ఖాళీగా వేస్తే చెల్లని ఓటే, చేతకాక పాడుచేసినవాడి కాగితంతో కలిపేస్తారు. అందుకని వేశానన్నాడు తర్వాత. ఎవరికో చెప్పలేదు, నేనూ అడగలేదు. మనవరాలు వేసిందా అని మాత్రం అడిగాను. తల అడ్డంగా ఊపాడు.

నేనూ వేశాను. ఎవరికో నీకు చెప్పాలని ఉంది గానీ, వేశాక బయటికొచ్చి కారులో చాలాసేపు కూర్చుండిపోయాను. పౌరసత్వం తీసుకున్న రోజు ప్రమాణం చేస్తుంటే ఎంత గర్వపడ్డానో నీకు తెలుసు, నీకే మొదట ఫోన్ చేశాను. ఇప్పుడూ ఆ గర్వం పోలేదు. కానీ మా చిన్నాడు పెద్దవాడై, నాన్నా నేనెందుకు వేయాలి అంటే, ఏ పార్టీ పేరు చెప్పి వాడి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి? మూడో బెంచీ తీర్మానం గుర్తుందిగా, అబద్ధం చెప్పి ఎవర్నీ క్లాసుకి రానివ్వకూడదని. అలాంటిదే ఏదో ఒకటి వాడికి...

జయ కింద హారన్ కొడుతోంది, ఆలస్యమైపోయింది. వెళ్ళేదారిలోనే పోస్టులో వేసేస్తాను. మీ మండలంలో పోయినసారి నోటా ఎంతొచ్చిందో రాయి, మర్చిపోకు. వదినకి చెప్పు, కందిపొడి అయిపోయిందని.

నీ,
గోపి