ఆ మాట మన ఊరిదేరా

కళింగపట్నం
ఆదివారం రాత్రి

ఒరే గుంటడా,

నీ ఉత్తరం వచ్చి నాలుగు నెలలైంది. తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో. కోతలు, అమ్మ కంటి ఆపరేషన్, వంటింటి పైకప్పు, అన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి. అమ్మకి బాగుంది, సూదిలో దారం తనే ఎక్కిస్తోంది. మీ అమ్మగారికి నువ్వు చిక్కిపోయావని ఒకటే బెంగ. జీడితోటలో పూత బాగుంది. కబుర్లు ఇంతే. అసలు సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

మలేషియాలో, మీ పెనాంగ్‌లో బస్సులో ఎవడో నిన్ను 'కెలింగ్' అని తిట్టాడని కిందటేడు ఫోన్‌లో చెప్పావు, గుర్తుందా? ఆ రాత్రి నీ గొంతు నేనింకా మర్చిపోలేదు. ఆ మాట ఉందే... ఆగు, వరసగా చెప్తాను.

మీ ఊరి పేరు ఎలా వచ్చిందో రాసుకురమ్మని మా మేనకోడలికి బడిలో చెప్పారట. "మామయ్యా, మన ఊరు కళింగ రాజుల రాజధానా?" అని అడిగింది. అవునని చెప్పేశాను. లైట్‌హౌస్ దగ్గర ఇసుకలో ఆడినన్నాళ్లూ మనం అలాగే కదా అనుకున్నాం, నువ్వు మహారాజు, నేను సేనాపతి! (తాటాకు కిరీటం సంగతి ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు, భయపడకు.) తర్వాత అనుమానం వచ్చి మన సోషల్ మాస్టారి ఇంటికెళ్లాను. "రాజధాని ఇది కాదురా" అన్నారు. ప్రాణం ఉసూరుమంది.

కళింగని ఏలిన తూర్పు గంగరాజుల రాజధాని కళింగనగరం. శాసనాల్లో ఆ పేరుంది కానీ ఆ ఊరెక్కడో తేలలేదు. ఫ్లీట్ అనే దొర అది మన కళింగపట్నమే అనుకున్నాడు. కాదు, ముఖలింగం అని చూపించింది ఎవరో తెలుసా? మన గిడుగు రామమూర్తి గారు! వాడుక భాష కోసం పోరాడిన ఆయనే. 1863లో ఆయన పుట్టిన పర్వతాలపేట ముఖలింగానికి దగ్గరే. ముఖలింగం గుళ్లలోని శాసనాల పాత లిపి పట్టుబట్టి నేర్చుకుని చదివారు. ఆగస్టు 29న ఏటా ఆయన ఫొటోకి దండ వేశాం కానీ ఈ సంగతి మనకెవరూ చెప్పలేదు, ఎంత అన్యాయం!

మరి మన ఊరికి ఆ పేరెందుకు? రెండు రోజులు అదే ఆలోచన. ఈ ఉదయం మేనకోడల్ని బండి మీద ఎక్కించుకుని ముఖలింగం వెళ్లాను. మధుకేశ్వరుడి దర్శనం చేసుకుని, పక్కనే వంశధార ఒడ్డున కూర్చున్నాం. సాయంత్రం తిరిగొస్తూ శాలిహుండం కొండెక్కాం. అక్కడి బౌద్ధ క్షేత్రాన్నీ 1919లో గిడుగు వారే వెలుగులోకి తెచ్చారు. ఇటుకల స్తూపాల మధ్య నిలబడి చూస్తే కింద వంశధార, ఆ చివర సముద్రం. అప్పుడు తట్టిందిరా! ముఖలింగం దగ్గర చూసిన నీళ్లే ఇవి. ఏటికి పైన నగరం, కింద పట్నం. పట్నం అంటే రేవు ఊరు. విశాఖపట్నం, భీమునిపట్నం, మచిలీపట్నం, కృష్ణపట్నం, అన్నీ సముద్రం ఒడ్డునే కదా. శ్రీరంగపట్నంలా లోపల ఉన్నవీ లేకపోలేదు, కానీ మన తీరంలో పట్నం అంటే ఓడలాగే చోటే. విజయనగరం చూడు, లోపల ఉంది, నగరమే అయింది. మనది కళింగానికి రేవు. రాజధాని అన్న బెంగ అక్కడే పోయింది నాకు. రాజధానులు మారతాయి. గంగరాజుల కాలంలోనే అది కటకానికి, అంటే ఇప్పటి ఒడిశాలోని కటక్‌కి పోయింది. ఏరు సముద్రంలో కలిసే చోటు మాత్రం మనదే.

ఇప్పుడు నీ మాటకొస్తా. రాత్రి మళ్లీ మాస్టారి దగ్గరికి పరిగెత్తి 'కెలింగ్' గురించి అడిగాను. అది కళింగ నుంచి వచ్చిన మాటేరా! ఈ తీరం నుంచి తెరచాప ఓడల్లో వచ్చినవాళ్లని అక్కడివాళ్లు ఆ పేరుతో పిలిచారు. తర్వాత దక్షిణాది నుంచి ఎవరొచ్చినా అదే పేరు. జావాలో 7వ శతాబ్దంలో కళింగ పేరుతో ఒక రాజ్యమే ఉండేదట. శుక్రవారం రద్దీకి బస్సు కదలదని రాస్తావే, ఆ కపితాన్ కెలింగ్ మసీదు, 1801 నాటిది, దాని పేరులో ఉన్నదీ ఇదే. తిట్టుగా మారింది తర్వాతే. నిన్ను అన్నవాడి మనసులో ఏముందో నాకు అనవసరం. నిన్ను మన ఊరి పేరుతో పిలిచాడురా, వాడికి తెలీదు అంతే. ఇది రాస్తుంటే నాకు కళ్లు చెమరుస్తున్నాయి.

ఇప్పుడు రేవులో ఏముందంటావా... ఒకప్పుడు స్టీమర్లు దూరంగా లంగరేస్తే సరుకు పడవల్లో చేరవేసేవారు. రైలు ఆమదాలవలస మీదుగా పోయింది, మనల్ని తాకలేదు. ఓడలు రావడం మానేశాయి. అయినా తుపాను వస్తే చాలు, 'కళింగపట్నం ఓడరేవులో ప్రమాద హెచ్చరిక' అని వార్తల్లో చెప్తారు. 2021లో గులాబ్ తుపాను రాత్రి కరెంటు లేక, చీకట్లో ఫోన్‌లో ఆ మాట విన్నాను. ఒక్క ఓడ కూడా లేని రేవుకి హెచ్చరిక ఎగరేస్తారు. నాకైతే అది ఎవరో మన ఊరిని ఇంకా పేరు పెట్టి పిలుస్తున్నట్టే ఉంటుంది. నువ్వు వచ్చినప్పుడు ఇద్దరం ఆ కొండ మీదికి...

మీ తమ్ముడు స్కూటర్ హారన్ కొడుతున్నాడు, విశాఖ బస్సు టైమైందట. ఉత్తరం, పలాస జీడిపప్పు వాడి చేతికే ఇస్తున్నాను. మేనకోడలు ఏం రాసిందో నీకు చెప్పనే లేదు! తర్వాతి ఉత్తరంలో.

నీ
సేనాపతి